అంచు కుట్టని బొంత

జూన్ 4

నాయనా,

నీ బస్సు మలుపు తిరిగిపోయాక కూడా నేను అక్కడే నిలబడి ఉంటే, టిక్కెట్లిచ్చే అమ్మాయి జాలిపడి కుర్చీ తెచ్చి వేసింది. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని కూర్చోలేదు. ఇంటికొచ్చి చూద్దును కదా, నీ తువ్వాలు మేకుకే వేలాడుతోంది. ఇక తల దేనితో తుడుచుకుంటావో, తడితల మీద పడుకుంటే జలుబు చేసి అది ఛాతీలోకి దిగితే ఎవరు చూస్తారో. నీతో వచ్చిన దర్జీ అన్న దగ్గర గుడ్డపీలికలు ఉంటాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆదివారం సంఘమంతా మీ ఇద్దరి తలల మీద చేతులు పెట్టి, సువార్త పనికి పంపుతున్నామని ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఇన్ని చేతుల బరువుకి నీ మెడ పట్టేస్తుందేమోనని చూస్తూ ఉన్నాను. తర్వాత పాస్టరుగారు ఇంకెవరైనా వెళ్ళేవాళ్ళున్నారా అని వెనక బెంచీల దాకా చూశారు. నేను వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాను.

కబేళాలో నీ చోట ఎవరో కొత్తవాణ్ణి పెట్టారు. మొన్న దున్న తాడు తెంపుకుని లేచి వాడి తొడ చీరేసింది. మోసుకుపోతుంటే నెత్తురు మన గడప దాకా చుక్కలు చుక్కలుగా పడింది. చీపురుతో కడిగాను, రాయి సందుల్లో ఇంకా ఉంది. ఒక్కవేటు ఉంటే ఇలా జరిగేదా అని నీ పాత పేరు పెట్టి అందరూ తలుచుకున్నారు. కాటా దగ్గర కూర్చునే ముసలాయన మాత్రం, మీ ఒక్కవేటు ఇప్పుడు ఒక్క ప్రార్థనతో పడగొడతాడా అన్నాడు. పడగొడితే ముందు నిన్నే పడగొట్టమని చెబుతానన్నాను.

తాగిన మత్తులో నువ్వు ఆ తోళ్ళవాడి చెయ్యి నరికి జైలుకి పోయిన రోజున ఈ సందులో ఒక్క తలుపూ నాకు తెరుచుకోలేదు. నువ్వు లోపల ప్రభువుని తెలుసుకుని బయటికొచ్చి బాప్తిస్మం తీసుకున్నాక సగం సగం తెరుచుకున్నాయి. అవి మళ్ళీ మూసుకోకుండా చూడు, అంతే నేను అడిగేది.

ఆ రోజు వాడిన పెద్ద కత్తి పోలీసుల దగ్గరుంది కదా. దాని జత, చిన్నది, ఇంకా అటక మీదే ఉంది. కాలవలో పడెయ్యమన్నావు. రెండు పిడులకీ నువ్వు ఒకేలా చుట్టుకున్న రాగితీగ చూస్తే కబేళాలో పుట్టిన ప్రతివాడూ అది నీదని చెబుతాడు. ఎవరికైనా దొరికితే లేనిపోని తంటా అని పడెయ్యలేదు.

దేవుడు కాపాడతాడు. అయినా గడియ వేసుకో.

మీ అమ్మ


జూన్ 13

అమ్మా,

క్షేమంగా చేరాం. తువ్వాలు లేదు, తల ఎండకే ఆరుతోంది.

టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు వెనక గది దొరికింది. కిటికీ తెరిస్తే రాయి పిండిచేసే క్రషర్, మూస్తే దాని మోత. రోజుకోసారి కొండకి మందు పెట్టి పేలుస్తారు, అప్పుడు మన పళ్ళు కూడా కదులుతాయి. ఇంట్లో ఏది ముట్టుకున్నా రాతిపిండి. దర్జీ అన్న కుట్టు మెషీను మీద గుడ్డ కప్పి, ఈ ఊళ్ళో పెళ్ళికూతురికి కూడా తలకి రంగేసుకోక తప్పదు అంటున్నాడు. ఆయన సంచులు కుడుతున్నాడు, నేను లారీలకి రాళ్ళెత్తుతున్నాను. సాయంత్రం వాక్యం చెబుతాం.

మొదటి సాయంత్రం కంకర విసిరారు. అన్న చెవి మీద తెగింది. నా చేతికి రాయి తగిలితే ఏమవుతుందో నీకు తెలుసు కదా, వెనక్కి విసరబోయాను. అన్న నా చొక్కా పట్టుకుని, నేను కుట్టిన చొక్కా చింపకురా అన్నాడు. నవ్వొచ్చింది. రాయి కింద పడేశాను. ఇప్పుడు విసిరేవాళ్ళు తగ్గారు. వినడానికి ఆడవాళ్ళు కొందరు గదికి వస్తున్నారు.

నీకు చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. తోళ్ళన్న ఇక్కడే ఉన్నాడు. కబేళా వదిలేశాక చెల్లెలింటికి వచ్చేశాడట. క్రషర్ గేటు దగ్గర కాపలా, వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకుంటాడు. ఎక్కడికి వెళ్తావని పాస్టరుగారు అడిగినప్పుడు నాకు ఈ ఊరు తప్ప ఇంకోటి నోటికి రాలేదు. ఆయన దగ్గరికి వెళ్ళకుండా లోకంలో ఎవరి దగ్గరికి వెళ్ళి ఏం చెప్పను? ఆయనకి నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. క్షమించమని ఎదురుగా నిలబడి అడగాలి.

నిన్న అడగబోయాను. చొక్కా చెయ్యి మడిచి పిన్ను పెట్టుకున్నాడు. నా మొహం చూసి, ఈ గేటు దగ్గరికి ఇంకోసారి రాకు అని మాత్రం అన్నాడు. మా గదికొచ్చే ఆడవాళ్ళలో ఆయన చెల్లెలు కూడా ఉంది. నేనెవరో తెలిసే వస్తోంది. తలుపు పక్కన కూర్చుంటుంది.

కంగారుపడకు.

నీ కొడుకు


జూన్ 21

ఒరేయ్,

కంగారుపడకు అని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి? పొయ్యి మీద పెట్టింది మాడి పొగ వస్తున్నా నాకు తెలియలేదు. పక్కింటావిడ వచ్చి దించింది.

ఆ రోజు నువ్వు తాగి ఉన్నావు, నీకు గుర్తుండదు. నాకుంది. వాడు మోచేతి కింద వేలాడుతున్న తన చేతిని రెండో చేత్తో పట్టుకుని, బిడ్డని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి నడిచిపోయాడు. అరవలేదు. అరిచినవాడు మరిచిపోతాడేమో కానీ అరవనివాడు మరిచిపోడు. వాడి బావమరదులు, మేనల్లుళ్ళు అందరూ ఆ క్రషర్‌లోనే కదా పని. సమ్మెటలతో కొండలు పగలగొట్టేవాళ్ళ మధ్యకి మెడ చాచుకుని వెళ్ళమని దేవుడు పిలిచాడా? నిన్ను పిలిచిన దేవుడికి నీ వెనక ఒక తల్లి ఉందని తెలియదా? తప్పు మాట అయితే ఆయన నన్ను మన్నించాలి.

నువ్వు వెనక్కి రావని తెలుసు. అందుకని ఒక పని చేశాను. బొంత కుట్టాను. లోపల, కాళ్ళవైపు అంచులో, నీ చిన్న కత్తి పెట్టి కుట్టేశాను. ఎవరినీ పొడవమని కాదు. మీదకొచ్చినవాడు ఆ రాగితీగ చూస్తే చాలు, ఆగుతాడు. ఆ అంచు విప్పకు, అవసరం పడితేనే విప్పు. దర్జీ అన్నకు చెప్పకు, ఆయన సాధువు, ఒప్పుకోడు.

బొంత లారీ డ్రైవరు చేతికిచ్చాను, మన సంఘంవాడే, కంకర కోసం అటే వస్తున్నాడు. ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. కత్తి మాట రాసిన కాగితం, కత్తి ఒకే చోట ఉండకూడదని ఇలా చేశాను. చదివి పొయ్యిలో వెయ్యి.

నా కళ్ళు సరిగా ఆనక కుట్టు కాస్త వంకర పోయింది. రాత్రి వానచలికి మాత్రం పనికొస్తుంది.

భయంతో,
అమ్మ


జూలై 1

అమ్మా,

బొంత అందింది. వెచ్చగా ఉంది. ఉత్తరం తర్వాత అందింది, చెప్పినట్టే పొయ్యిలో వేశాను.

రాళ్ళ మీద పడ్డాను. చేతికి దెబ్బ. అందుకే అక్షరాలు వంకర. అన్నకీ కాస్త బాగాలేదు. నువ్వు రావద్దు. నా కోసం కాదు, అందరి కోసం ప్రార్థన చెయ్యి.

నీ కొడుకు


జూలై 8

నాయనా,

నీ ఉత్తరం పట్టుకుని కూర్చున్నాను. ఏడేళ్ళ పిల్లాడు రాసినట్టుంది. చేతికి దెబ్బ తగిలితే అక్షరం వంకర పోతుంది, నిజమే. చెయ్యి వణికినా పోతుంది.

డ్రైవరు నిన్న వచ్చాడు. కాళ్ళు లోపల పెట్టకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. వాడు కంకర ఎత్తించుకునే రోజున కూలీల గుడిసెల్లో పెద్ద గొడవైందట. ప్రార్థన గదిలో కత్తి బయటికి వచ్చిందట. గదిలోనుంచి వాకిలిలోకి నెత్తురు పారిందట, పంక్చర్ల కొట్టువాడు దాని మీద రాతిపిండి చల్లుతుంటే చూశాడట. ఎవరికి ఏమైందని అడిగితే, జనం తోసేస్తుంటే బండి తీసుకుని వచ్చేశానన్నాడు. నీ కత్తేనా అని అడిగాను. రాగితీగ అనుకుంటున్నారు అన్నాడు.

నువ్వు నాకు అబద్ధం చెప్పనక్కర్లేదు. కత్తి ఇచ్చింది నేను. నీ చేతికి అలవాటైన పని మళ్ళీ చేశావు. ఎవర్నిరా? తోళ్ళవాణ్ణేనా? ఉన్న ఆ ఒక్క చెయ్యి కూడానా? వాడు బతికే ఉన్నాడా? నీ బాప్తిస్మం రోజున తడి బట్టలతో నన్ను కావలించుకున్నావు, ఆ తడి ఇప్పుడు నాకు నెత్తురులా అనిపిస్తోంది.

సంఘంలో ఎవరికీ చెప్పలేదు. పాస్టరుగారు మీ పని ఎలా సాగుతోందని అడిగితే వానలు ఎక్కువగా ఉన్నాయట అని చెప్పాను. అన్నం సయించడం లేదు. నువ్వు చెయ్యెత్తావో లేదో ఒక్క మాట రాయి. ఎత్తి ఉంటే వచ్చి పోలీసుల దగ్గర కూర్చుందాం, నేనూ కూర్చుంటాను.

అమ్మ


జూలై 17

అమ్మా,

ఇది నేను చెబుతుంటే తోళ్ళన్న రాస్తున్నాడు. భయపడకు, ముందు ఆ మాట రాయమన్నాను. నేను చెయ్యెత్తలేదు.

ఆ సాయంత్రం గదిలో పది మంది దాకా ఉన్నారు. అన్న నా బొంత విప్పి చూసి, అంచు కుట్టు వంకరగా ఉందని, వంకర కుట్టు కళ్ళెదురుగా ఉంటే తనకి ప్రార్థన సాగదని కత్తెరతో దారం తెంపాడు. కత్తి నా మోకాలి దగ్గర పడింది. తలుపు పక్కన కూర్చున్న చెల్లెలు రాగితీగ చూసింది. మా అన్న చెయ్యి తీసిన కత్తి అని అరిచింది.

అది జత కత్తి అని చెప్పే తీరిక ఎవరికుంది. క్రషర్‌లో పనిచేసే తోళ్ళన్నవాళ్ళు గునపాలతో, సమ్మెటలతో వచ్చారు. ముందు అన్నని కొట్టారు. పక్కటెముకలు విరిగాయి, కింద పళ్ళు పోయాయి. ఇప్పుడు ఆసుపత్రిలో నా పక్క మంచం మీదే ఉన్నాడు. నన్ను ఉతికి ఆరేశారు, ఇస్త్రీ ఒక్కటే బాకీ అంటాడు, అని నవ్వబోయి పక్కలు పట్టుకుని ఏడుస్తాడు. తర్వాత నన్ను బయటికి లాగి, కత్తి ఎందుకు తెచ్చావని అడిగారు. కత్తి నాదే అన్నాను. నా కుడి చెయ్యి బండ మీద పెట్టి సమ్మెటతో కొట్టారు. వేళ్ళు ఇక ముడుచుకోవని డాక్టరు చెప్పాడు.

అంతే జరిగింది. అన్నం తిను.

మొన్న సాయంత్రం తోళ్ళన్న ఆసుపత్రికొచ్చి మంచం చివర కూర్చున్నాడు. నేను ఎడమ చేత్తో నీకు రాయబోయి కాగితం చింపుకుంటుంటే చూసి, అలా కాదు, కాగితం పక్కకి వాల్చి పెట్టుకోవాలి అని లాక్కున్నాడు. ఆయన ఎడమ చెయ్యి ఇప్పుడు చక్కగా సాగుతుంది, చూస్తున్నావుగా. నేను అడగాల్సింది అడిగాను. ఇంకా జవాబు చెప్పలేదు.

నీ కొడుకు

ఇక్కడి నుంచి నా మాట. వాడు నిద్రపోయాడు.

అమ్మా, మీరు నన్నెరుగుదురు. సమ్మెట పడ్డప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఆపలేదు. మొదటి దెబ్బకి నాకు హాయిగా ఉంది. రెండో దెబ్బకి లేదు. మూడో దెబ్బకి నేనే వద్దని అరిచాను, ఆలస్యమైంది.

నాకు ఒకటి అర్థం కావడం లేదు. మీవాడి చెయ్యి ఎంత చురుకో కబేళాలో పనిచేసిన నాకు తెలుసు. కత్తి మోకాలి దగ్గర పడ్డాక మావాళ్ళు గదిలోకి వచ్చేలోగా వాడు ముగ్గుర్ని పడగొట్టగలడు. మా చెల్లెలు చెప్పింది, వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడని. నన్ను చంపడానికి వచ్చినవాడు కత్తి ఎందుకు తియ్యలేదు? చంపడానికి రానివాడు కత్తి ఎందుకు తెచ్చాడు? అడిగితే నాదే అని గోడవైపు తిరుగుతాడు.

మావాళ్ళు ఆసుపత్రి గేటు బయటే ఉంటున్నారు. కత్తితో వచ్చినవాడు కాళ్ళతో తిరిగిపోకూడదని వాళ్ళ మాట. కట్లు విప్పి పంపేదాకా గడువు. నేను ఒక్క మాట చెబితే వాళ్ళు ఆగుతారు. ఏ మాట చెప్పాలో నాకు తెలియడం లేదు. తల్లి కదా, మీకేమైనా తెలుసా?


జూలై 22

నాయనా తోళ్ళన్నా,

నిన్ను ఇలా పిలవడం ఇదే మొదటిసారి. ఈ ఉత్తరం నీకే. చదివాక నా కొడుక్కి కూడా వినిపించు, వాడు వద్దన్నా వినిపించు.

ఆ కత్తి నేను పంపాను. అప్పటికి నా కొడుక్కి తెలియదు. నీకు భయపడి బొంతలో పెట్టి కుట్టాను. అది నీ చెయ్యి తీసిన కత్తి కాదు, దాని జత. వాడు నాదే అన్నది నా పేరు బయటికి రాకూడదని. కత్తి మాట రాసిన నా కాగితం పొయ్యిలో వేశాడు, తన చెయ్యి బండ మీద పెట్టాడు. వాడు నీ దగ్గరికి కత్తితో రాలేదు నాయనా. ఉత్త చేతులతో వచ్చాడు, నేను వెనక నుంచి కత్తి అందించాను. దర్జీ అన్న పళ్ళూ, నా బిడ్డ వేళ్ళూ నా భయం తినేసింది.

కాగితం మీద రాస్తే మీవాళ్ళు నమ్మరు. కొడుకుని కాపాడుకోవడానికి ముసలిది కల్పించింది అంటారు. అందుకని నేనే వస్తున్నాను. ఆసుపత్రి గేటు దగ్గర వాళ్ళ ఎదురుగా నిలబడి చెబుతాను. కొట్టాలంటే నన్ను కొట్టమంటాను. నాకు మోకాళ్ళు నొప్పి, నిలబడే చెబుతానని ఒట్టేసి చెప్పలేను, కూర్చునైనా చెబుతాను.

పాస్టరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. బరువుగా ఏమీ లేదు. ఇద్దరిద్దరుగా పంపడం కదా పద్ధతి, తోడు ఎవరినైనా పంపుతానన్నారు. ఎవరి పిల్లలకి ఏమవుతుందో అని వద్దన్నాను. నాకు తోడు నా భయం వస్తోంది, దాన్ని ఇంట్లో వదిలి రావడం చేతకాలేదు. బస్సు మధ్యలో ఆగిపోతే ఎలా, దిగే చోటు దాటిపోతే ఎలా, మీ ఊళ్ళో కుక్కలు ఎలాంటివో. గడియ వేశానో లేదో అని ఇప్పటికే మూడుసార్లు చూశాను. బస్టాండులో ఆ అమ్మాయి కుర్చీ వేస్తే ఈసారి కూర్చుంటాను, బస్సు వచ్చినప్పుడు లేపమని చెప్పి.

ఈ ఉత్తరం డ్రైవరు చేతికి ఇస్తున్నాను. అది ముందు చేరుతుంది, వెనక నేను.

మీ చెల్లెలితో ఒక మాట చెప్పు. ఆసుపత్రిలో మావాడికి కప్పుకోవడానికి ఇంకో బొంత తెస్తున్నాను. నాలుగు వైపులా అంచు కుట్టలేదు. ఆవిణ్ణి చెయ్యి లోపలికి పెట్టి, మూలమూలా తడిమి చూసుకోమను. అందరి ముందూ చూడమను. చూశాక దర్జీ అన్న కుడతాడు.

బయలుదేరిన,
ఒక్కవేటు తల్లి